పైథాన్ ట్యుటోరియల్ తెలుగులో: మూడో చాప్టర్ దగ్గర బండి ఆగింది, ఎవరన్నా ఓ చెయ్యెయ్యండి

రాత్రిషిఫ్టు
అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ అఫీషియల్ ట్యుటోరియల్‌ని తెలుగులోకి తెద్దామని మొదలుపెట్టాం, ఇప్పటికైతే మా సొంత కాపీలోనే చేస్తున్నాం, అఫీషియల్ సైట్‌లోకి వెళ్ళేంత సరుకు ఇంకా లేదు. మొత్తం 16 చాప్టర్లు. మొదటి రెండూ పండగలోపే అయిపోయాయి, ఎందుకంటే అందులో కబుర్లే ఎక్కువ. మూడోది మొదలెట్టగానే అసలు సినిమా కనిపించింది. నెంబర్లు, స్ట్రింగ్‌లు (అక్షరాల వరుసలు), లిస్ట్‌లు అన్నీ అక్కడే వస్తాయి, నలుగురం నాలుగు రకాలుగా రాశాం. ఒకడు జాబితా, ఒకడు లిస్టు, ఒకడు లిస్ట్, ఇంకొకాయన "క్రమపట్టిక" (ఆయన ఎవరో చెప్పను).

తెలియనివాళ్ళ కోసం పద్ధతి చెప్తా. ఇంగ్లీష్ డాక్యుమెంట్‌ని స్ఫింక్స్ అనే టూల్ పేరా పేరాగా విడగొట్టి పీఓ ఫైల్స్ చేస్తుంది, ప్రతి పేరాకీ పైన ఇంగ్లీషు, కింద ఖాళీ. ఆ ఖాళీ నింపడమే మన పని. ప్రోగ్రామింగ్ బాగా రావాలని రూలేం లేదు, తెలుగు బాగా వస్తే ఇంకా మంచిది.

రూల్స్ పెప్ 545 అనే పైథాన్ వాళ్ళ పత్రంలో ఉన్నాయి, 2017లో రాశారు. భాష పేరు సైట్ పైన మెనూలో కనపడాలంటే ట్యుటోరియల్ మొత్తం, బిల్ట్-ఇన్ ఫంక్షన్ల పేజీ, తప్పులు ఎక్కడ రిపోర్ట్ చెయ్యాలో చెప్పే పేజీ ఈ మూడూ పూర్తవ్వాలి. అంటే మనకి చాలా దూరం ఉంది. ముందు మాటల సంగతి తేల్చుకుందాం.

బందరులడ్డు
మాటల సంగతి తేల్చే ముందు ఓ నవ్వు నవ్వుకోండి. నేను బద్ధకించి ఒక చాప్టర్‌ని మెషీన్ ట్రాన్స్‌లేషన్‌లో పడేశానండీ. ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అన్న చోటల్లా "తేలు" అని వచ్చింది. "ఒక తేలును పూర్ణాంకంగా మార్చవచ్చు" అంట. మా ఇంటి వెనకాల రాళ్ళ కింద బోలెడున్నాయి మార్చుకోండి మరి. ఆర్గ్యుమెంట్ వాదన అయిపోయింది, "ఈ ఫంక్షన్ రెండు వాదనలు తీసుకుంటుంది", అచ్చం మా ఆవిడలాగే. స్ట్రింగ్ తీగ, షెల్ గుల్ల, లైబ్రరీ గ్రంథాలయం. అంతా డిలీట్ కొట్టి మళ్ళీ చేత్తో రాస్తన్నా, టైము రెట్టింపు పట్టింది.

పాతబలపం
నేను ముప్పై ఏళ్ళు తెలుగు మీడియంలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పైథాన్ మనవడి దగ్గర నేర్చుకున్నాను. క్రమపట్టిక అన్నది నేనే, దాచక్కర్లేదు.

నా మాట ఒక్కటే. మన పిల్లలు లెక్కల్లో సమితులు చదువుకునే వస్తారు. సమ్మేళనం, ఛేదనం, భేదం అన్నీ వాళ్ళకి తెలుసు. అయిదో చాప్టర్లో సెట్ గురించి వచ్చినప్పుడు "యూనియన్" అని రాస్తే కొత్తగా ఉంటుందేమో గానీ "సమ్మేళనం, మీరు లెక్కల్లో చదివిందే" అంటే లైటు వెలుగుతుంది. వేరియబుల్‌కి చలరాశి, ఫంక్షన్‌కి ప్రమేయం, మాడ్యులోకి శేషం. ఈ మాటలన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, నేను పుట్టించినవి కావు. ఉన్న మాటలు వదిలేసి అంతా ఇంగ్లీషే తెలుగు లిపిలో రాస్తే దాన్ని అనువాదం అని ఎలా అంటాం?

ఓరుగల్లోడు
మాస్టారు, మీ మాట కాదనను గానీ ఒక్క సంగతి చూడున్రి. పోరడు కోడ్ రాస్తడు, తప్పు పోతది, అప్పుడు స్క్రీన్ మీద వచ్చే ఎర్రర్ ఇంగ్లీష్‌ల వస్తది. "లిస్ట్ ఇండెక్స్ ఔటాఫ్ రేంజ్" అని, అంటే లిస్ట్‌ల లేని స్థానం అడిగినవని. ట్యుటోరియల్ మనం తెలుగు చేస్తం కానీ ఎర్రర్ మెసేజ్‌లు తెలుగు అయితలేవు కదా. మనం పుస్తకం నిండా "జాబితా, సూచిక" అని రాసినమనుకో, ఆ ఎర్రర్ చూసి ఏ పేజీకి పోవాల్నో వానికి ఎట్ల తెలుస్తది? గూగుల్ల ఏమని కొడ్తడు?

నేను చూసిన ఇంకోటి. తెలుగు డెస్క్‌టాప్ పెట్టుకున్న కొత్తల "దస్త్రం" అని మెనూ కనిపిస్తే మా ఆఫీసోళ్ళు రెవెన్యూ ఆఫీస్ ఫైలు అనుకున్నరు. తెలుగు వికీపీడియాల ఫోటో పేజీలకి కూడ దస్త్రం అనే ఉంటది, అక్కడ రోజూ పనిచేసేటోళ్ళకి అలవాటైంది, బయటోళ్ళకి కాలే. మాట తప్పని కాదు, అలవాటు కావాలంటే రోజూ కనపడాలె.

రాత్రిషిఫ్టు
ఓరుగల్లు అన్న చెప్పిన ఎర్రర్ మెసేజ్ పాయింట్ గట్టిది. మాస్టారు చెప్పిందీ వదిలేది కాదు. నేననుకునేది ఏంటంటే కంప్యూటర్ స్క్రీన్ మీద కనపడే మాట ఏదైతే ఉందో అది లిస్ట్, స్ట్రింగ్, ఇండెక్స్ అనే ఉంచుదాం, లెక్కల నుంచి వచ్చిన మాటలు శేషం, సమ్మేళనం, పూర్ణాంకం ఇవి తెలుగులో రాద్దాం, మొదటిసారి వచ్చిన చోట రెండూ పక్కపక్కన పెడదాం. వేరియబుల్ మాత్రం నాకే తెగట్లేదు.

సెమికోలన్‌లేదు
మీరు మాటల దగ్గరే ఉన్నారు, నాకు బిల్డే (ఫైళ్ళని వెబ్ పేజీలుగా మార్చడం) అవ్వట్లేదు. తెలుగుకి ఉన్న అసలు తలనొప్పి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఈ డాక్యుమెంట్లన్నీ రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే మార్కప్‌లో, అంటే మాటల మధ్య గుర్తులు పెట్టి రాసే పద్ధతిలో ఉంటాయి. అందులో కోడ్ మాటని బ్యాక్‌టిక్‌ల (` గుర్తు) మధ్య పెడతాం. మూసే బ్యాక్‌టిక్ తర్వాత ఖాళీ గానీ, కామా లాంటిది గానీ ఉండాలి, వెంటనే అక్షరం రాకూడదు. ఇంగ్లీషోళ్ళకి ఇబ్బంది లేదు, వాళ్ళ ప్రిపొజిషన్లు విడిగా ముందుంటాయి. మన విభక్తులు మాటకి అతుక్కుని వెనకాల వస్తాయి కదా, ని, కి, లో, తో, నుంచి. లెన్ అంటే స్ట్రింగ్ పొడవు లెక్కపెట్టే ఫంక్షన్, దాన్ని ``లెన్``కి అని రాశానా, అయిపోయింది, మార్కప్ విరిగిపోయి బ్యాక్‌టిక్‌లు పేజీలో పచ్చిగా కనపడతాయి.

దానికి మందు ఉంది, మధ్యలో బ్యాక్‌స్లాష్, తర్వాత ఒక ఖాళీ పెట్టాలి, అది పేజీలో కనపడదు. పీఓ ఫైల్లో మళ్ళీ బ్యాక్‌స్లాష్ రెండు రాయాలి. అంటే ``లెన్``\\ కి. ఒకే పేరాలో అయిదుసార్లు వచ్చిందంటే చదవలేం, రివ్యూ చేసేవాడికి కళ్ళు తిరుగుతాయి.

అందుకే నేను వాక్యమే మార్చేస్తున్నా. "``లెన్`` అనే ఫంక్షన్‌కి స్ట్రింగ్ ఇస్తే". "అనే" ఒక్కటి పెడితే గొడవంతా పోయింది, పైగా వినడానికి కూడా మనవాళ్ళు మాట్లాడినట్టే ఉంది. ఇది స్టైల్ గైడ్‌లో మొదటి రూల్‌గా పెట్టండి దయచేసి. ఇంకో చిన్నది, ఇంగ్లీషు పేరా చివర రెండు కోలన్లు ఉంటే మన పేరా చివర కూడా ఉంచాలి, నిన్న పన్నెండు చోట్ల ఎగిరిపోయి ఉన్నాయి, ఎవరో చుక్క అనుకుని సరిదిద్దారు.

బందరులడ్డు
ఆ ఎవరో నేనేనండీ. క్షమించాలి. అచ్చుతప్పు అనుకున్నా.

డల్లాస్‌పప్పుచారు
లేటుగా చూశాను, ఇక్కడ ఇప్పుడే తెల్లారింది. ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతున్నా అనుకోకండి, కానీ నేను ఇంకో లాంగ్వేజ్ డాక్యుమెంటేషన్‌లో రెండేళ్ళు పనిచేశాను, మొదలుపెట్టడం తేలిక, మూడో ఏడు ఎవరుంటారన్నదే ప్రశ్న.

పైథాన్‌కి ఇప్పుడు ప్రతి అక్టోబరుకీ కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు పేరాలు కొన్ని మారతాయి. 3.10లో మ్యాచ్ స్టేట్‌మెంట్ వచ్చింది, నాలుగో చాప్టర్లో ఏకంగా కొత్త సెక్షన్ పెరిగింది. ఇంగ్లీషు పేరాలో ఒక కామా మారినా పీఓ ఫైల్ ఆ పేరాకి "ఫజ్జీ" అని ముద్ర కొడుతుంది, బిల్డ్ చేసినప్పుడు ఫజ్జీ ఉన్న చోట మీ తెలుగు పోయి మళ్ళీ ఇంగ్లీషు కనపడుతుంది. అది మంచికే, పాత తెలుగు తప్పు చెప్పడం కన్నా కొత్త ఇంగ్లీషు నయం. కానీ ఏడాది పట్టించుకోకపోతే పేజీ పులిహోర అవుతుంది, రెండు లైన్లు తెలుగు, మూడు లైన్లు ఇంగ్లీషు.

పెద్దవాళ్ళకే చేతకాలేదు ఇది. ప్రోగ్రామర్ల ప్రశ్నలు-జవాబుల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ళు 2016లో జనం రాసే డాక్యుమెంటేషన్ అని మొదలుపెట్టి 2017 ఆగస్టులో మూసేశారు. అంత మంది జనం ఉన్న చోటే! ఇంకో పక్క పీహెచ్‌పీ అనే లాంగ్వేజ్ మాన్యువల్ చూడండి, ప్రతి పేజీ కింద ఎవరైనా నోటు రాయొచ్చు, పదిహేనేళ్ళ కిందటి నోట్లు ఇంకా ఉన్నాయి, కొన్ని మాన్యువల్ కన్నా బాగుంటాయి, కొన్ని ఎప్పుడో పాతబడి చదివినవాణ్ణి ముంచేవి.

కాబట్టి ఒకే మాట, 16 చాప్టర్లు ఎత్తుకోకండి. ఒక మనిషికి ఒక ఫైలు, ఆ ఫైల్లో ఫజ్జీ వస్తే ఆ మనిషిదే పూచీ.

నిజంచెప్తా
ఎందుకండీ ఈ శ్రమ. కోడింగ్ ఇంగ్లీష్‌లోనే, ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లోనే. తెలుగులో పైథాన్ చదివినవాడికి ఎవడిస్తాడు ఉద్యోగం?

ఓరుగల్లోడు
ఈత నేర్చుకునేటప్పుడు సొరకాయ బుర్ర కట్టుకుంటం, జన్మంతా కట్టుకుని తిరుగుతమా అన్నా?

మొదటిసెమ్
అన్నా, అక్కా, మాస్టారూ నమస్తే. నేను చానా రోజులుగా చదువుతాండా, రాయడం ఇదే మొదలు. అనంతపురం దగ్గర, పది దాకా తెలుగు మీడియం, ఇప్పుడు బీటెక్ మొదటి సెమిస్టర్. ఉద్యోగం సంగతి తర్వాత, నాకు ల్యాబ్ ఎగ్జామ్ ఉండాది. నేను ఎట్ల చదువుతానంటే ఫోన్లో మీ తెలుగు పేజీ, ల్యాబ్ సిస్టంలో ఇంగ్లీష్ పేజీ పెట్టుకుని రెండూ చూస్తా. అందుకని ఓరుగల్లు అన్న చెప్పినట్టు లిస్ట్‌ని లిస్ట్ అంటేనే నాకు రెండు పేజీలు కలుస్తాయి. మాస్టారు చెప్పిన శేషం కూడా కరెక్టే, మాడ్యులో అంటే ఏందో నాకు ఆ మాట చూసినాకే వెలిగింది.

కానీ ఒకటి చెప్పాల. మూడో చాప్టర్లో ఈ పేరా నాకు మూడుసార్లు చదివినా ఎక్కలా:

"పైథాన్ స్ట్రింగ్‌లు మార్చబడజాలవు, అవి అపరివర్తనీయములు. కావున స్ట్రింగ్ యొక్క సూచించబడిన స్థానమునకు విలువను కేటాయించుట దోషమునకు దారితీయును."

ఇంగ్లీషు చదివితేనే అర్థమయింది. తప్పుగా అనుకోవద్దండి.

రాత్రిషిఫ్టు
తప్పేముందమ్మా, అది రాసింది నేనే. అర్ధరాత్రి రెండింటికి రాశా, కోర్టు నోటీసులా ఉంది. మళ్ళీ రాశాను చూడు:

"స్ట్రింగ్ ఒకసారి తయారయ్యాక అందులో అక్షరాన్ని మార్చడం కుదరదు. ఇమ్యూటబుల్ అంటే ఇదే. ఫలానా స్థానంలో ఉన్న అక్షరాన్ని మారుద్దామని చూస్తే ఎర్రర్ వస్తుంది. వేరే స్ట్రింగ్ కావాలంటే కొత్తది తయారుచేసుకోవాలి."

మొదటిసెమ్
ఇప్పుడు ఒక్కసారికే ఎక్కింది అన్నా.

పాతబలపం
"బడు" ప్రత్యయం కనపడితే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి క్లాసులో. అది ఇంగ్లీషు వాక్యానికి వేసిన తెలుగు ముసుగు. స్టైల్ గైడ్‌లో రెండో రూల్ ఇది రాసుకోండి. ఇంకోటి, ఇంగ్లీషులో "వుయ్" అన్న చోట కొందరు "మేము" అని రాశారు. పాఠం చెప్పేవాడు చదివేవాణ్ణి కలుపుకోవాలి, "మనం" అనాలి. ఇంగ్లీషుకి ఆ తేడా లేదు, మనకి ఉంది, ఉన్నప్పుడు వాడుకోకపోతే ఎలా.

రాత్రిషిఫ్టు
రెండూ రాసుకున్నా మాస్టారూ. ఇప్పుడు నాకు ఓ సరదా ఐడియా వచ్చింది. స్ట్రింగ్ ముక్కలు చెయ్యడం చూపించడానికి ఇంగ్లీష్‌లో పైథాన్ అనే మాటే తీసుకుని బొమ్మ గీశారు, ఆరు గళ్ళు, పైన సున్నా నుంచి ఆరు, కింద మైనస్ ఆరు నుంచి మైనస్ ఒకటి. పీఓ ఫైల్లో కోడ్ ముక్కలు కూడా వస్తాయి కాబట్టి మనం మార్చొచ్చు. "తెలుగు" అని పెడితే ఎలా ఉంటుంది? లెన్ కొట్టి చూశా, సరిగ్గా ఆరే వచ్చింది! బొమ్మలో ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు.

డల్లాస్‌పప్పుచారు
భలే కుదిరిందే!

మొదటిసెమ్
అన్నా, తెలుగు అంటే మూడు అక్షరాలు కదా? ఆరెట్ల వస్తాది?

నేను ల్యాబ్‌లో కొట్టి చూసినా. సున్నా ఇండెక్స్ అడిగితే "తె" రావాల కదా, "త" వచ్చింది. తిరగేసి చూస్తే "ుగులెత" అని వచ్చింది, ముందర ఒక చుక్కల సున్నాకి కొమ్ము తగిలించి. మా ఫ్రెండ్స్ అందరూ నవ్వినారు. నేనే తప్పు కొట్టినానేమో అనుకుని మూడుసార్లు చేసినా.

సెమికోలన్‌లేదు
నువ్వు తప్పు కొట్టలేదమ్మా, అన్నయ్య తప్పు ఉదాహరణ ఇచ్చాడు. పైథాన్ లెక్కపెట్టేది మనం పలికే అక్షరాన్ని కాదు, యూనికోడ్ కోడ్ పాయింట్‌ని, అంటే కంప్యూటర్‌లో ఒక్కో గుర్తుకీ ఇచ్చిన నంబర్‌ని. త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ ఒకటి, మళ్ళీ కొమ్ము. మొత్తం ఆరు. "క్ష" రాయాలంటే క, పొల్లు, ష మూడు కావాలి, మనకి కనపడేది ఒక్కటే.

ఇంకా విడ్డూరం ఉంది. రెగెక్స్‌లో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) "వర్డ్ క్యారెక్టర్లు" వెతకమని చెప్పి తెలుగు అని ఇచ్చా. త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెట్టింది, గుణింతాలన్నీ వదిలేసి. పైథాన్ దృష్టిలో గుణింతం గుర్తు అక్షరమూ కాదు, అంకె కూడా కాదు. నేను బిల్డ్ చేసిన సైట్‌లో తెలుగు సెర్చ్ సరిగ్గా పనిచెయ్యట్లేదు, దానికీ ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం.

అయితే వేరియబుల్ పేరుగా తెలుగు మాట పెడితే మాత్రం పైథాన్ 3 ఒప్పుకుంటుంది. పదం = 5 అని కొడితే చక్కగా తీసుకుంటుంది, అక్కడ గుణింతాలకి అభ్యంతరం లేదు. కానీ "ఫంక్షన్‌పేరు" అని పెట్టి చూడండి. న్ కింద ప ఒత్తు పడకుండా మనం మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం కదా, జీరో విడ్త్ నాన్ జాయినర్, దాన్ని చూసి సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, కనపడని క్యారెక్టర్ ఉందని. కళ్ళకి కనపడదు కాబట్టి కొత్తవాళ్ళు గంట వెతుకుతారు, నేను గంటన్నర వెతికా.

ఓరుగల్లోడు
అయితే తెలుగు ఉదాహరణలు వద్దే వద్దు. ఇంగ్లీష్ మాటలే ఉంచున్రి. మొదటి రోజే పోరగాళ్ళకి యూనికోడ్ క్లాస్ చెప్తమా?

రాత్రిషిఫ్టు
నిజమే. లెన్ కొట్టి ఆరు వచ్చిందని మురిసిపోయానే గానీ చదివేవాళ్ళు ఎన్ని లెక్కపెడతారో అనుకోలేదు. వెనక్కి తీసుకుంటున్నా.

పాతబలపం
ఆగండాగండి. ఒకటో తరగతి వాచకం గుర్తుందా ఎవరికైనా? గుణింతాలు నేర్పకముందే పిల్లలతో మాటలు చదివిస్తాం. పలక, వల, తల, పడవ, గడప. అన్నీ తలకట్టు మాటలే. తలకట్టుకి విడిగా కోడ్ ఉండదని మీరు చెప్పిన లెక్కని బట్టి అర్థమవుతోంది. మనవడి చేత "పలక"కి లెన్ కొట్టించాను, మూడు వచ్చింది. కంటికీ మూడే, కంప్యూటర్‌కీ మూడే.

ఆరు గళ్ళకి ఆరు అక్షరాలు కావాలి, ఒక్కటీ రెండోసారి రాకూడదు, గుణింతం, ఒత్తు, సున్న ఉండకూడదు. అరగంట ఆలోచిస్తే దొరికింది. "కమలవదన".

బందరులడ్డు
మాస్టారండీ, మీ కాళ్ళెక్కడ. ప్రబంధ నాయికని పట్టుకొచ్చి పైథాన్ చేతిలో పెట్టారు.

సెమికోలన్‌లేదు
కొట్టి చూశా. లెన్ ఆరు. సున్నా నుంచి రెండు దాకా "కమ", రెండు నుంచి అయిదు దాకా "లవద", తిరగేస్తే "నదవలమక". చుక్కల సున్నా ఎక్కడా లేదు. నాలుగు నుంచి నలభైరెండు దాకా అడిగితే "దన" ఇచ్చి ఊరుకుంది, నలభైరెండో అక్షరం ఒక్కటే అడిగితే ఎర్రర్. ఇంగ్లీష్ ట్యుటోరియల్లో చెప్పినవన్నీ అలాగే వచ్చాయి.

పాతబలపం
స్ట్రింగ్‌ని అంకెతో గుణించే ఉదాహరణ కూడా ఒకటుంది కదా, "అన్" అనేది మూడుసార్లు వేసి చివర "ఇయమ్" తగిలించేది. అది మనకి అసలు వెతుక్కోనే అక్కర్లేదు. రెండు ఇంటూ "గల", ప్లస్ "మని". గలగలమని. ద్విరుక్తం మన భాషలో పుట్టింది, రెండోసారి వచ్చేదాన్ని ఆమ్రేడితం అంటాం. గడగడ, టపటప, చకచక, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పది రాసుకుంటారు.

మొదటిసెమ్
నేను రాసినా మాస్టారూ, రెండు ఇంటూ "కర" ప్లస్ "మని". కరకరమని. హాస్టల్లో అప్పడం గుర్తొచ్చింది.

ఒక డౌటు. కమలవదన పెట్టినాక కింద "తెలుగు" సంగతి కూడా ఒక మాట రాస్తే బాగుంటాదేమో? నేనైతే మొట్టమొదట మా ఊరి పేరు, నా పేరు కొట్టి చూస్తా. అప్పుడు లెక్క తప్పితే మళ్ళీ నాదే తప్పనుకుంటా.

డల్లాస్‌పప్పుచారు
ఇది కరెక్ట్. కానీ ఒరిజినల్లో లేని పేరా అనువాదంలో కలపకూడదు, రేపు అఫీషియల్‌గా పంపాలంటే అడ్డం. విడిగా ఒక పేజీ పెట్టుకుందాం, "తెలుగు స్ట్రింగ్‌లు: లెక్క ఎందుకు తప్పుతుంది" అని, అది మన సొంతం.

లైసెన్సు సంగతి కూడా ఇప్పుడే చెప్తా. పెప్ 545 ప్రకారం అనువాదం ఇచ్చేవాళ్ళు దాన్ని సీసీ జీరో (హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద ఇచ్చేసినట్టే, తర్వాత నాది అనడానికి ఉండదు. నిన్న ఒకరు ఎవరిదో యూట్యూబ్ ఛానెల్ నోట్స్ బాగుందని యథాతథంగా తెచ్చి పెట్టారు, తీసేశాను. మనం రాసిందే మనం ఇవ్వగలం.

నిజంచెప్తా
పొద్దున్నుంచీ చదువుతున్నా ఈ గొడవంతా. ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం మారలేదు. కానీ 15వ చాప్టర్ ఎవరైనా తీసుకున్నారా? 0.1 మూడుసార్లు కలిపితే 0.3కి సమానం కాదని చెప్పేది. నేను బ్యాంక్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తా, ఆ పైసల తేడాతో పడ్డ పాట్లు నాకు తెలుసు.

బందరులడ్డు
తీసుకోండి తీసుకోండి! అందులో ఫ్లోట్‌ని తేలు అనకండి చాలు.

నాది నాలుగో చాప్టరండీ, అక్కడ ఒక చిలక పీడిస్తోంది. ఈ లాంగ్వేజ్‌కి పేరు పాము మీద పెట్టలేదు, బీబీసీలో వచ్చిన మాంటీ పైథాన్ అనే కామెడీ షో మీద పెట్టారని ట్యుటోరియల్లోనే ఉంది, డాక్యుమెంటేషన్‌లో ఆ జోకులు వాడమని ప్రోత్సాహం కూడానూ. అందుకే ఫంక్షన్ ఉదాహరణలో చచ్చిన చిలక, ఇంకో దాంట్లో చీజ్ కొట్టు. చిలక మనకీ ఉంది గానీ ఈ చిలక జోకు మనవాళ్ళకి ఎక్కదు. చీజ్ కొట్టు తీసి కాజాల కొట్టు పెట్టనా?

ఓరుగల్లోడు
చిలకని ఉండనియ్. కొట్టు మార్చుకో. మరి సర్వపిండి ఎందుకు పెట్టవు?

రాత్రిషిఫ్టు
కొట్టులో ఏం అమ్మాలో మీరిద్దరూ తేల్చుకోండి. ఫంక్షన్ పేరు, ఆర్గ్యుమెంట్లు మారిస్తే కింద ఔట్‌పుట్ కూడా మార్చాలి, రన్ చేసి చూశాకే పెట్టండి.

ఇప్పటికి ఎవరిది ఏంటంటే, నాలుగు బందరు, అయిదు మాస్టారు (సమితులు మీరే చెప్పాలి), ఎనిమిది ఎర్రర్లు కాబట్టి ఓరుగల్లు అన్న, పదిహేను నిజంచెప్తా గారు, బిల్డ్ సెమికోలన్. మూడో చాప్టర్ నాదే. వేరియబుల్ మాత్రం ఇంకా తేలలేదు, ఆదివారం దాకా వేరియబుల్ అనే ఉంచుతున్నా, మాస్టారు కోప్పడకండి.

అనంతపురం చెల్లెమ్మా, నీకు ఏ ఫైలూ ఇవ్వట్లేదు ఇప్పుడే, పరీక్షలున్నాయి కదా. మేం పెట్టిన ప్రతి పేరా చదివి ఎక్కడ ఆగిపోయావో ఆ లైను మాత్రం ఇక్కడ పడెయ్. సరేనా?

మొదటిసెమ్
సరే అన్నా. ఇప్పుడే ఒకటి ఉండాది. రెండో చాప్టర్లో "ఇంటర్‌ప్రెటర్‌ను ఆవాహన చేయుట" అని ఉంది. పూజ ఏమన్నా చెయ్యాలా?

బందరులడ్డు
😂😂 అది నేను కాదండోయ్ ఈసారి.

పాతబలపం
నేనే. మారుస్తాను.